రెండు డొప్పల గుడాలు

ఇబ్రహీంపట్నం
4 ఫిబ్రవరి 1941

చిరంజీవి తమ్ముడు ఎల్లయ్యకు అక్క నర్సమ్మ దీవించి రాయించే సంగతులు.

బేతేలుగూడెం దవాఖానలో నిన్ను సీమోను అంటారనీ, కవరు మీద ఆ పేరే ఉండాలనీ ఈ ఉత్తరం రాసిపెడుతున్న మిషను సుసన్నమ్మ చెప్పింది. కవరు మీద ఆమె ఇష్టం. లోపల మాత్రం అమ్మ పెట్టిన పేరే ఉండనీ.

ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలట. క్షేమం లేదు తమ్ముడూ. మీ బావను పోలీసులు పట్టుకుపోయి ఇవాళ్టికి ఆరు రోజులు.

నువ్వు అమ్మ ఏడాది దినానికి వచ్చి వెళ్లిన మంగళవారం నాడే, పొద్దు గూకే వేళకు, ఇంద్రసేన పటేలు గడ్డివాము కాలిపోయింది. పటేలు జీతగాళ్లు ఆ వాము పక్కనే కూర్చుని బీడీలు తాగుతారని ఊరందరికీ తెలుసు. తెలిసిన మాట పటేలు ముందు అనేవాడెవడు? వెట్టికి రానన్నందుకు పోయిన నెల మీ బావకూ పటేలుకూ మాటామాటా పెరిగింది కదా, ఆ కోపంతో మీ బావ మల్లయ్యే అంటించాడన్నారు. తెల్లవారేసరికి జవాన్లు వాకిట్లో ఉన్నారు.

మీ బావ ఒకటే మాట మీద ఉన్నాడు. "పొద్దు గూకేటప్పుడు నేను కల్లు తాగుతున్న. ఒక్కణ్ణే ఉన్న" అంటాడు. పోలీసు అమీను సాబు కల్లు కాంపౌండు నడిపే మల్లేశయ్యను పిలిపించి అడిగాడు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. "వచ్చిండు సర్కార్. గని ఈడ కూసోలే. ఓ లొట్టి కల్లు, రెండు డొప్పల గుడాలు కట్టించుకొని ఈతవనం దిక్కు పోయిండు." ఇంక అమీను ఆ ఆకు డొప్పలే పట్టుకున్నాడు. ఒక్కడే అయితే రెండు డొప్పలెందుకు? రెండోవాడెవడు? ఇద్దరూ కలిసి తాగి వాము మీదికి పోయారా? మీ బావ తల వంచుకొని "రెండు నేనే తిన్న" అన్నాడట.

మీ బావ పళ్ల సంగతి నీకు తెలుసు. ఉడికించి తాలింపు పెట్టిన శనగలైనా సరే, నాలుగు గుడాలు నమిలితే దవడ పట్టుకొని మూలుగుతాడు. నేను మళ్లీ ఉడకబెట్టి మెత్తగా చిదిమి పెట్టాలి. ఆ మనిషి రెండు డొప్పలు తిన్నాడంటే నేనే నమ్మను, అమీను ఎట్లా నమ్ముతాడు?

నాకు ఆ రెండోవాడు కావాలి ఎల్లయ్యా. ఎవడో తెలిస్తే కాళ్లు పట్టుకొనైనా కచేరీకి తీసుకుపోతాను. "ఆ యాళ్లకు మల్లయ్య నా పక్కనే ఉన్నడు" అని వాడు ఒక్క మాట చెబితే మీ బావ ఇంటికొస్తాడు. నువ్వు ఆ మధ్యాహ్నం బొంగులూరు బాట పట్టావు. ఆ బాట ఈతవనం పక్కనుంచే పోతుంది. ఎవడైనా అక్కడ కనిపించాడా? జర యాది చేసుకో.

ఇంకొక మాట. ఇది రాయనని సుసన్నమ్మ అంటున్నది, రాయమంటున్నాను. అమ్మ పేరు మీద నేల మీద కల్లు సాక పోసినప్పుడు నువ్వు వాకిట్లోనే నిలబడ్డావు. కన్నతల్లికి ఒక్క చుక్క వదలలేదు. విస్తరి ముందు కూర్చోకుండా సంచి భుజాన వేసుకొని పోయావు. అది నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నీ అక్క
నర్సమ్మ వేలిముద్ర

ఇది రాసిన సుసన్న వందనాలు. సీమోనూ, అక్క మాటలకు నొచ్చుకోవద్దు. ఆ రోజు నువ్వు అన్నింటికీ దూరంగా నిలబడిన తీరు నేను చూశాను. ఈ నెలలో పాదిరి దొరగారు ఇటు వచ్చినప్పుడు తప్పక చెబుతాను.


బేతేలుగూడెం మిషను దవాఖాన
11 ఫిబ్రవరి 1941

ప్రియమైన అక్కకు సీమోను వందనములతో వ్రాయునది.

ఉత్తరం అందింది. చాలా దుఃఖించాను. బావ మంచివాడు. మంచివాళ్లకు కష్టాలు వస్తాయి, తీరుతాయి కూడా. నేను ఉదయం, సాయంత్రం ప్రార్థనలో ఆయన పేరు తలుస్తున్నాను.

నేను ఆ రోజు మధ్యాహ్నమే బయలుదేరాను. బాటలో ఎవరినీ చూడలేదు. ఈతవనం సంగతి నాకు తెలియదు. నన్ను అడిగి ప్రయోజనం లేదు.

ఇక్కడ చలిజ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. రోజుకు డెబ్బై మంది వస్తున్నారు. చేదు మందు మింగమంటే పెద్దవాళ్లే చిన్నపిల్లల్లా మొహం తిప్పుకుంటారు. ఈస్టరు పండుగనాడు నన్ను పక్కా కంపౌండరుగా తీసుకుంటామని పాదిరి దొరగారు అన్నారు. ఇక్కడ నర్సుగా ఉన్న మరియ అనే అమ్మాయితో నా వివాహం కూడా ఆ తరువాతి వారమే చేయాలని వారి ఉద్దేశం. నీకు ఈ సంతోషం ఇటువంటి సమయంలో రాయవలసి వచ్చినందుకు సిగ్గుగా ఉంది.

అమ్మ విషయం గురించి నేను ఏమీ రాయలేను.

సుసన్నమ్మగారికి నా వందనాలు. వారు ఆ రోజు చూసినదే నిజం.

నీ తమ్ముడు
సీమోను


ఇబ్రహీంపట్నం
20 ఫిబ్రవరి 1941

ఎల్లయ్యకు,

ఈ ఉత్తరం సుసన్నమ్మతో రాయించలేదు. ఇట్లాంటి మాటలు ఆ పుణ్యాత్మురాలి చేత రాయించాలంటే సిగ్గయింది. ఉత్తరాల టప్పా పంచే రాంచంద్రన్న రాస్తున్నాడు. ఆయన విన్న మాట సంచిలో వేసుకొని బయటికి తీయడు. నువ్వు ఇకమీద ఆయన పేరుకే రాయి, ఆయనే నాకు చదివి వినిపిస్తాడు.

నిన్ను అడిగి ప్రయోజనం లేదన్నావు. సరే. నువ్వు దూరపువాడివి, నీ మీద ఆశ పెట్టుకున్నది నేను. ఇప్పుడు రెండో డొప్ప ఎవరిదో ఊరే చెబుతోంది. ఆడదానిదట!

బావి కాడ ఒకతి అన్నది, "నీ మొగడు అంత కష్టంల గూడ పేరు చెప్తలేడంటే ఎవలనో కాపాడుతున్నట్టే గద." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిలువెల్లా మంట. పధ్నాలుగేళ్ల కాపురం తమ్ముడూ. మొగుడు దెబ్బలు తింటూ దాచిపెట్టే పేరు పెళ్లాం పేరు కాకపోతే ఇంకెవరిది అనుకోవాలి?

కాంపౌండులో గుడాలు, బోటి వేయించి అమ్మే మణెమ్మ ఉంది కదా, తిన్నగా ఆమె మీదికి పోయాను. పొయ్యి ముందు కూర్చున్నదాని కొప్పు పట్టుకున్నాను. కల్లు తాగేవాళ్లందరూ లొట్లు కింద పెట్టి చూశారు. ఆమె నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. "నీ మొగడు రెండు డొప్పలు కట్టుమన్నడు. ఒకదాంట్ల ఉల్లిగడ్డ ఎయ్యకు అన్నడు. పైసలిచ్చిండు, పోయిండు. తినేది ఎవలో నాకేం ఎరుక నర్సక్కా?" అని ఏడ్చింది.

అప్పటి నుంచి ఉల్లిగడ్డ తినని ఆడది ఎవతా అని ఊళ్లో ఇల్లిల్లూ చూస్తున్నాను. కూర అడిగే వంకతో వంటిళ్లలోకి పోతున్నాను. పిచ్చిదాన్నయ్యానని నవ్వుకో.

హవాలాతులో ఉన్నవాళ్లను చూడనివ్వరు. సద్ది గిన్నె జవాను చేతికిచ్చి వచ్చేయాలి. మూడు రోజులుగా అదీ పంపడం లేదు. తిననీ, ఆ రెండో డొప్పదాన్నే తెచ్చి పెట్టమననీ. ఇట్లా అన్నాను గానీ మూడు రోజులుగా నేనూ తినలేదు.

నర్సమ్మ


బేతేలుగూడెం
26 ఫిబ్రవరి 1941

అక్కా,

ఈ ఉత్తరం అందగానే బావకు సద్ది పంపు. మిగతాది తరువాత చదివించుకో.

ఉల్లిగడ్డ తినని ఆడదాని కోసం ఊరు వెతకకు. ఉల్లిగడ్డ తిననివాణ్ణి నేను. చిన్నప్పుడు నా ముద్దలోంచి ఒక్కొక్క ముక్కా ఏరి నీ నోట్లో వేసుకున్నదానివి నువ్వే. కోపంలో మరిచిపోయావు.

సుసన్నమ్మ చదువుతుందని తెలిసి ముందు ఉత్తరంలో నిజం రాయలేదు. ఆమె చదివితే పాదిరి దొరకు తెలుస్తుంది. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం మన ఇంటి నుంచి బయలుదేరాను గానీ అడుగు ముందుకు పడలేదు. చెరువు కట్ట మీద చాలాసేపు కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా ఈతవనం దాటబోతే బావ పొలం నుంచి ఎదురొచ్చాడు. నా మొహం చూసి, "అమ్మకు చుక్క పొయ్యకుండ పోతే నీకు మనసున పడుతదా? ఇంట్ల సుసన్నమ్మ సూస్తదని భయమాయె. ఈడ ఎవలు సూస్తరు?" అన్నాడు. నన్ను చెట్ల చాటున కూర్చోబెట్టి కాంపౌండుకు పోయి వచ్చాడు.

ఈత కల్లు, కొద్దిగా పులుపు తిరిగింది. మోదుగాకు డొప్పల్లో గుడాలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఎండుమిర్చి, జీలకర్ర ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రొంటిన దాచుకొచ్చిన రెండు కాల్చిన ఎండుచేపలు కూడా తీశాడు బావ. కూలి నుంచి వస్తూ అమ్మ కాంపౌండు దగ్గర గుడాలు కొని కొంగున కట్టుకొచ్చేది చూడు, ఇంటికి వచ్చేసరికి కొంగంతా పసుపు మరక. ఆ మరక గుర్తొచ్చింది. మొదటి దోసెడు కల్లు నేనే నేల మీద పోశాను. "అమ్మా, తాగే" అన్నాను. ఏడ్చాను అక్కా. బావా ఏడ్చాడు. ఆ తరువాత ఇద్దరం తాగాం, తిన్నాం. ఆయన గుడాలు చప్పరిస్తూ సగం నా డొప్పలోకే వేశాడు. తన పళ్ల మీద తనే వేళాకోళం చేసుకున్నాడు. ఆరేళ్లుగా నేనట్లా నవ్వలేదు. ఊరి మీద పొగ లేస్తుంటే ఇద్దరం చూశాం. ఎవరో చెత్త కాలుస్తున్నారనుకున్నాం.

లేచేముందు నాకు భయం పట్టుకుంది. మిషనులో కల్లు ముట్టనని సంతకం పెట్టినవాణ్ణి. చచ్చినవాళ్ల పేరున సాక పోయడం వాళ్లకు తాగుడు కంటే పెద్ద తప్పు. "బావా, ఇది బయటపడితే నా నౌకరీ పోతది, పెండ్లి పోతది" అన్నాను. బావ లొట్టి మీద చెయ్యి పెట్టి, "నువ్వొచ్చి 'ఒట్టు తీసిన బావా' అనేదాక నీ పేరు నా నోట రాదు. అమ్మ తోడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ ఒట్టును హవాలాతులో కూడా మోస్తాడని నేననుకోలేదు.

అక్కా, ఏప్రిల్ 13న ఈస్టరు. అప్పటిదాకా ఆగితే నా పేరు పక్కా అవుతుంది. ఆ లోపల పటేలు కోపం చల్లారవచ్చు, అసలు నిప్పు పెట్టినవాడు దొరకవచ్చు. నెలన్నర. అంతే అడుగుతున్నాను. నేను పిరికివాణ్ణని నాకే తెలుసు, నువ్వు రాయనక్కరలేదు.

చదివించుకొని కాల్చెయ్యి.

సీమోను


ఇబ్రహీంపట్నం
5 మార్చి 1941

తమ్ముడూ,

"అమ్మా, తాగే" అన్నచోట రాంచంద్రన్నను ఆపమన్నాను. మళ్లీ మొదటి నుంచి చదివించుకున్నాను. నెల రోజులుగా నీ మీద పెట్టుకున్న కోపం అక్కడే కరిగిపోయింది. తరువాత మిగతాది చదివాడు. కొత్త కోపం వచ్చింది, ఇది అంత తొందరగా కరిగేది కాదు.

కాల్చమన్నావని పొయ్యిలో పెట్టాను. నా బుద్ధికి తెగులు పుట్ట! మరునాడు శ్రీపాల్ వకీలు దగ్గరికి పోయి చెబితే, "కాయితం ఉంటే చాలునమ్మా, కాయితం ఏది?" అన్నాడు. ఆ బూడిదతోనే పొద్దున గిన్నెలు తోముకున్నాను. రాంచంద్రన్న చదివాడు కదా అంటే, ఆయన సర్కారు నౌకరు, పరాయి ఉత్తరం చదివినట్టు కచేరీలో చెబితే ఆయన సంచి గుంజుకుంటారట. నోటి మాటగా నేను చెబితే పెళ్లాం మాట ఎవరు వింటారు?

మణెమ్మ దగ్గరికి పోయి కాళ్లు పట్టుకోబోయాను. "పో నర్సక్కా, నా ఎంటికలు మల్ల పెరుగుతయి. నువ్వు ముందు నీ మొగన్ని ఇడిపించుకో" అని ఒక డొప్ప గుడాలు చేతిలో పెట్టింది. ఇంటికి తెచ్చి మెత్తగా ఉడకబెట్టి సద్దిలో పంపాను. ఆ గుడాలు చూసి ఆయనకు ఏమనిపించిందో నాకు తెలియదు. మాట కలపనివ్వరు కదా. నిన్న ఖాళీ గిన్నె వెనక్కి వచ్చింది. అంచుకు నెత్తురుంది. దాన్ని ఇంకా కడగలేదు. గూట్లో పెట్టాను.

ఈస్టరు దాకా ఆగమంటావు. పేషీ ఈ మార్చి 24న, సోమవారం. మున్సిఫు నీ పండుగ కోసం ఆగడు. నువ్వు ఆ రోజు వచ్చి నిలబడితే నీ నౌకరీ పోతుంది, ఆ పిల్ల పోతుంది. తెలుసు. నేను అడిగేది చిన్నది కాదు. అయినా అడుగుతున్నాను. నాకు ఉన్నది ఒక్క తమ్ముడు, ఒక్క మొగుడు. ఒకరి కోసం ఒకర్ని అడగవలసి వచ్చింది.

బర్రె ఈనింది. దూడ పెయ్య. ఇంట్లో జున్ను తినేవాళ్లెవరూ లేక మణెమ్మకు పంపాను.

రా ఎల్లయ్యా. రాకపోతే ఇకమీద నాకు ఉత్తరం రాయకు.

నీ అక్క


బేతేలుగూడెం
15 మార్చి 1941

అక్కా,

కార్డు కాబట్టి నాలుగు ముక్కలు. పాదిరి దొరగారికి అంతా చెప్పాను, సాక సంగతి కూడా. ఆయన కోప్పడలేదు. మందుల బీరువా తాళంచెవులు బల్ల మీద పెట్టమన్నారు. నౌకరీ పోయింది. మరియ వాళ్ల పెద్దలకు కబురు వెళ్లింది.

తెల్ల కోటు మాత్రం పేషీ అయ్యేదాకా ఉంచుకొమ్మన్నారు. అది వేసుకొని నిలబడితే మున్సిఫు నా మాట నమ్ముతాడని ఆయనే అన్నారు. దాచేది ఇంకేమీ లేదు కాబట్టి చాలా రోజులకు అన్నం సహించింది.

24న పొద్దున్నే కచేరీ దగ్గర ఉంటాను.

సీమోను


బేతేలుగూడెం
28 మార్చి 1941

అక్కా,

నువ్వు కచేరీ బయట ఆడవాళ్లతో నిలబడి ఉన్నావు. లోపల ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. నీ ముందుకు రాలేక ఆ రోజు బస్సెక్కి వచ్చేశాను. నన్ను క్షమించు.

బైబిలు మీద చెయ్యి పెట్టి అంతా చెప్పాను. లొట్టి, రెండు డొప్పలు, ఉల్లిగడ్డ, అమ్మకు సాక, ఊరి మీద లేచిన పొగ. పేష్కారు ఉర్దూలోకి మారుస్తుంటే మున్సిఫు సాబు రాసుకుంటూ ఉన్నారు. మధ్యలో ఒకసారి తల ఊపారు కూడా. గెలిచామనుకున్నాను. అప్పుడు పేష్కారు బావ వైపు తిరిగి, "ఈ సీమోను చెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

బావ నన్ను చూశాడు. చాలా చిక్కిపోయాడు అక్కా, కుడి చెయ్యి ఎత్తలేకపోతున్నాడు. నా మొహం చూశాడు, ఆ తరువాత నా కోటు పై నుంచి కింది దాకా చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు నీకెట్లా రాయను? నాకు పెళ్లిబట్టలు పెట్టేటప్పుడు నవ్వే నవ్వులా ఉంది. ఆ తరువాత ఇట్లా అన్నాడు.

"కాదు సర్కార్. ఈయన నా పెండ్లాం తమ్ముడు. కిరస్తానం పుచ్చుకున్న మనిషి, కల్లు ముట్టడు. అక్క మీది ప్రేమ, పావురంతోటి వచ్చి అబద్ధం చెప్తున్నడు. ఆ పొద్దు నేను ఒక్కణ్ణే ఉన్న. రెండు డొప్పలు నేనే తిన్న."

కచేరీలో ఎవరో నవ్వారు. మున్సిఫు సాబు రాసిందంతా కొట్టేశారు. పవిత్ర గ్రంథం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడతావా అని నన్ను గద్దించారు. "బావా!" అని అరిచాను. జవాను మెడ పట్టి బయటికి నెట్టాడు.

ఎందుకట్లా చెప్పాడు అక్కా? నెల రోజులు ఆలస్యం చేశానని నా మీద కోపమా? ఇన్నాళ్లకు వచ్చి ఇప్పుడు నీ సాక్ష్యం నాకెందుకు అనుకున్నాడా? నేను ఉద్యోగం పోగొట్టుకొని వచ్చింది ఆయన్ను విడిపించడానికి. ఆయన నా మొహాన్నే కాదన్నాడు. పగలంతా ఇదే ఆలోచిస్తున్నాను. ఆయన్ను చూసే వీలు దొరికితే ముందు ఈ మాట అడుగు.

నిన్న కోటు ఉతికి, మడతపెట్టి ఇచ్చేశాను. మరియ కిటికీ దగ్గర నిలబడింది. నేను గేటు దాటేదాకా కిటికీ మూయలేదు. పట్నంలో చాదర్‌ఘాట్ దగ్గర నారయ్య అని ఒకాయన తన మందుల దుకాణంలో సీసాలు కడిగే పని ఉందన్నాడు. రేపు అక్కడికి పోతున్నాను. ఆ దుకాణానికే రాయి.

ఇంటికి రమ్మంటావేమో. ఏ మొహంతో రాను?

ఎల్లయ్య


ఇబ్రహీంపట్నం
10 ఏప్రిల్ 1941

తమ్ముడు ఎల్లయ్యకు,

తీర్పు వచ్చింది. రెండేళ్లు. అపీలు అడిగితే శ్రీపాల్ వకీలు చేతులెత్తేశాడు. ముద్దాయే కాదన్న సాక్ష్యాన్ని ఏ కోర్టూ పట్టించుకోదట. ఆయన ఇప్పుడు మాట మార్చినా తప్పించుకోవడానికే అంటారట. ఇంక అడగవలసినవాళ్లు ఎవరూ లేరు.

మొన్న ఆయన్ను పట్నం జైలుకు తీసుకుపోయారు. బస్సు ఎక్కించేముందు ముసలి జవాను ఒకడు దయతలచి పక్కకు తిరిగి నిలబడ్డాడు. డెబ్బై రోజుల తరువాత ఆయనతో మాట్లాడాను. సంకెళ్లు ఉన్నాయని కూడా చూడలేదు, అంగీ పట్టుకొని ఊపాను. "ఎందుకట్ల చెప్పినవ్? వాడు వచ్చి చెప్పె, నువ్వు కాదంటివి. నన్ను ముంచితివి గద!" అని తిట్టాను.

ఆయన అన్నది అక్షరం మారకుండా రాయమన్నాను.

"వాడు బైబిలు పట్టుకొని మున్సిఫుకు చెప్పిండు. నాకు చెప్పిండా? నా దిక్కు తిరిగి 'ఒట్టు తీసిన బావా' అన్నడా? అనలే. అమ్మ తోడు ఏసిన ఒట్టు నర్సీ, వాడు తియ్యకుండ నేనెట్ల తప్పుత? మల్ల వాడు తెల్ల కోటు ఏసుకొని ఎంత మంచిగున్నడు! అది సూసినంక, ఈ కోటు నా నోటితోటి ఊడగొట్టాల్నా అనిపించింది. రెండేండ్లు ఎంతసేపు, పోతయి."

ఒక్క మాట ఎల్లయ్యా. కచేరీ అంతా చెప్పావు, ఆ ఒక్క మాట అనడం నీకు తోచలేదు. ఆయన దానికోసమే నీ మొహం చూశాడు. నిన్ను తప్పుపట్టి రాయడం లేదు. నాకూ తోచలేదు. నీ ఉత్తరంలో ఆ ఒట్టు సంగతి నేనూ విన్నాను, నేనైనా నీకు గుర్తు చేయలేదు.

బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. "వాని నౌకరీ పదిలమే గద? పాదిరి దొర నా మాట నమ్మిండు గద?" అని అడిగాడు.

అవ్ అన్నాను.

"పదిలంగనే ఉన్నది. పెండ్లి గూడ ఖాయమైంది" అన్నాను. పెళ్లి సంగతి ఆయన అడగలేదు, నేనే కలిపాను. ఆ మాటకు ఆయన మొహం వెలిగింది. నొప్పి చెయ్యి కూడా ఎత్తి నాకు చూపించాడు. బస్సు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

నువ్వు ఆ ఒట్టు ఇప్పుడు తీయకు తమ్ముడూ. తీయాలంటే అంతా చెప్పాలి. తను నోరు తెరవకముందే నీ నౌకరీ పోయిందని ఆయనకు తెలిస్తే, ఈ రెండేళ్లు దేనికోసం అని అడుగుతాడు.

నెలకొకసారి, మొదటి శుక్రవారం నాడు, జైల్లో చూడనిస్తారట. నాకు బస్సు దూరం, నీకు దగ్గర. నువ్వు పో. రెండు డొప్పల గుడాలు తీసుకుపో. ఒకటి బాగా మెత్తగా ఉడికించు, ఇంకోదాంట్లో ఉల్లిగడ్డ వేయకు. ఇద్దరూ తినండి. మరియ ఎట్లా ఉందని అడిగితే బాగుందని చెప్పు.

పోయేముందు ఎక్కడైనా ఒక తెల్ల కోటు సంపాదించుకో. నారయ్యను అడుగు, దవాఖానల దగ్గర పాతది దొరుకుతుందేమో చూడు, ఎవరి కాళ్లైనా పట్టుకో. అది వేసుకొనే పో.

నీ అక్క
నర్సమ్మ